ఆమె బదులు నేను నొక్కిన ఓటు

ఒక శనివారం పొద్దున నేను ఇడ్లీ పిండి కలుపుతుంటే ఫోను ఆగకుండా మోగడం మొదలుపెట్టింది. చేయి కడుక్కుని చూసేసరికి పదిహేను మెసేజ్‌లు. అన్నింటిలోనూ ఒకటే మాట: సంఘ ఎన్నికల్లో మీ ఓటు వేయడానికి ఈ లింకు నొక్కండి అని. ఒకటి నాది. మిగతా పద్నాలుగూ వేరేవాళ్ళవి. ఆ పద్నాలుగు మందీ మా పల్లెవాళ్ళే. వాళ్ళకి ఫోన్లు లేవు. వాళ్ళ పేర్ల ఎదురుగా నా నంబరు రాసింది నేనే.

అదెలా జరిగిందో చెప్పాలి. రేపల్లె నుంచి నిజాంపట్నం పోయే దారిలో ఉంటుంది మా పల్లె. మాది లూథరన్ సంఘం. నేను అక్కడే పుట్టి, అక్కడే బాప్తిస్మం తీసుకుని, చుట్టుపక్కల బళ్ళలో ముప్పై నాలుగేళ్ళు పంతులమ్మగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు తెనాలిలో ఉంటున్నా నా పేరు మాత్రం ఆ సంఘం రిజిస్టరులోనే ఉంది. దస్తూరి బాగుంటుందని ఏడాదిన్నర కిందట ఆ రిజిస్టరు తిరగరాసే పని నాకు అప్పజెప్పారు. పేరు, ఇంటిపేరు, బాప్తిస్మం తేదీ, ఫోను నంబరు అని గళ్ళు గీశాను. ఫోను లేనివాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆ గడి ఖాళీగా కనిపించింది. ఖాళీ గడి కనిపిస్తే నాకు చేయి ఊరుకోదు. బళ్ళో కూడా అంతే, పిల్లలు వదిలేసిన ఖాళీల్లో జవాబులు నేనే నింపేసేదాన్ని. వీళ్ళకి చావు కబురో, ప్రార్థన కూడిక కబురో అందాలంటే ఎవరిదో ఒక నంబరు ఉండాలిగా అని పద్నాలుగు గళ్ళలోనూ నాది రాసేశాను. మంచి పనే చేశాననుకున్నాను. అందరూ మెచ్చుకున్నారు కూడా.

మా సంఘంలో ఎన్నికలంటే ఇదివరకు చీటీలే. ఆరాధన అయ్యాక కానుకల పెట్టెనే బోర్లించి దులిపి, అందులో చీటీలు వేసేవాళ్ళం. రెండుసార్లు వరసగా గొడవలయ్యాయి. చీటీలు ఎక్కువొచ్చాయని ఒకళ్ళు, ముందే వేసి తెచ్చారని ఇంకొకళ్ళు, చివరికి గుడి మెట్ల మీద చొక్కాలు పట్టుకున్నారు. దాంతో ఈసారి ఇంటర్నెట్‌లో పెడదామన్నారు. తెనాలిలో ఉన్నవాళ్ళు, బాపట్లలో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, అందరూ కూర్చున్నచోటి నుంచే వేయొచ్చన్నారు. శనివారం పొద్దున మొదలై ఆదివారం సాయంత్రం ఐదింటికి ముగుస్తుంది. లింకు నొక్కితే ఫోనుకి ఆరంకెల నంబరు వస్తుంది, అది కొడితే ఫొటోలు వస్తాయి, కావలసిన ఫొటో మీద నొక్కితే అయిపోతుంది. ఎన్నికల అధికారిగా బాపట్లలో ఉండే ఒక రిటైరైన ఆఫీసు సూపరింటెండెంటు గారిని పెట్టారు. ఫోను లేనివాళ్ళ సంగతేంటని ఎవరో అడిగితే, రిజిస్టరులో అందరికీ నంబరు ఉందిగా అన్నారట.

సంఘ కార్యదర్శి పదవికి ఇద్దరు నిలబడ్డారు. ఒకరు ముప్పై అయిదేళ్ళుగా ఆ పని చేస్తున్న పెద్దాయన. ఎనభై దాటాయి. రెండో ఆమె రేపల్లెలో ఒక ఆసుపత్రిలో నర్సు. మా సంఘంలో ఆడమనిషి ఆ పదవికి నిలబడటం అదే మొదలు. నేను ఎవరి పక్షమో దాచుకోలేదు, నర్సమ్మకే వేయమని చెప్పినంత పని చేశాను.

ఆ పద్నాలుగు మందిలో ఒకామె గురించి చెప్పాలి. మేమిద్దరం ఒకే ఈడు. చిన్నప్పుడు సండేస్కూల్లో ఒకే చాప మీద కూర్చునేవాళ్ళం. ఒకళ్ళనొకళ్ళు వదినా అనుకుంటాం. ఆమె మూడో తరగతితో బడి మానేసి కూలికి పోయింది. పెళ్ళి వయసొచ్చాక నిజాంపట్నం వైపు వేటకెళ్ళే ఒకతన్ని ఇష్టపడి, సంఘంతో చెప్పకుండా అతనితో కాపురం పెట్టింది. అతను మా మతం కాదు. ఒక ఆదివారం ఆరాధన మధ్యలో ఈ పెద్దాయనే లేచి, ఆమె పేరు చదివి, ఈమెకి సంస్కారం ఆపేశామని ప్రకటించారు. సంస్కారం అంటే రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ప్రభు భోజనం. అది ఆపారంటే సంఘంలో ఉండీ లేనట్టే. ఓటూ ఉండదు. ఆమె కొన్నాళ్ళకి భర్తతో పల్లెకే తిరిగొచ్చింది. అతను జబ్బు చేసి పోయాడు. ఆమె మాత్రం ముప్పై ఏళ్ళ పాటు ప్రతి ఆదివారం వచ్చి, చివరి వరసలో కూర్చుని, మేమంతా సంస్కారం తీసుకోవడానికి బల్ల దగ్గరికి లేచి వెళ్తుంటే తలొంచుకుని అక్కడే ఉండిపోయేది. నేను కూడా లేచి వెళ్ళిన వాళ్ళలోనే ఉన్నాను. ఒక్కసారైనా ఆగి ఆమె పక్కన కూర్చోలేదు.

రెండేళ్ళ కిందట కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు ఆమెని మళ్ళీ చేర్చుకున్నారు. సంఘాన్ని అడిగారు, ఎవరూ కాదనలేదు. పెద్దాయన ఆ రోజు నేల చూపులు చూస్తూ కూర్చున్నారు. రిజిస్టరులో ఆమె పేరు మళ్ళీ ఎక్కించింది నేనే. కాబట్టి ఈ ఎన్నికలో ఆమె వేసేది మొట్టమొదటి ఓటు. ఎవరికి వేస్తుందో నాకు చెప్పక్కరలేదనుకున్నాను.

మెసేజ్‌లు చూడగానే ఇడ్లీలు పక్కన పెట్టేసి రేపల్లె రైలెక్కాను. నేను బళ్ళో ఉన్నన్నాళ్ళూ ఎన్ని ఎన్నికల డ్యూటీలు చేశానో లెక్కలేదు. ఒకసారి సముద్రం పక్క ఊళ్ళో, ఓటేసే అట్టముక్క వెనక్కి భార్య వెంట ఒకాయన కూడా దూరబోతే, నేను కుర్చీలోంచి లేచి కేకలేశాను. "మీ ఓటు మీది, ఆమె ఓటు ఆమెది, ఇవతలికి రండి" అన్నాను. పోలీసాయన కూడా అదిరిపడ్డాడు. అంత కచ్చితంగా ఉండేదాన్ని. రైల్లో కూర్చుని వేమూరు, భట్టిప్రోలు దాటుతుంటే, ఇవాళ కూడా అంత కచ్చితంగా చేయాలనుకున్నాను.

అలాగే చేశాను. గుడి వరండాలో కుర్చీ వేసుకుని, ఒక్కొక్కళ్ళనీ పిలిచి, ఆరంకెలు నేనే కొట్టి, ఫొటోలు రాగానే ఫోను వాళ్ళ చేతిలో పెట్టి, గంట తాడు దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడేదాన్ని. ఒక ముసలమ్మ వేలిముద్ర వేసినట్టు బొటనవేలు అదిమిపెట్టి తీయలేదు. ఒక తాతయితే ఓటయ్యాక వేలు చాపుకుని నిలబడ్డాడు. సిరా పెట్టాలట. పెట్టందే కదలనన్నాడు. నా పెన్నుతో గోరు మీద ఒక చుక్క పెడితే, ఎండలో చూసుకుంటూ వెళ్ళాడు. మంచం మీదున్న ఒకామె ఇంటికి నేనే వెళ్ళాను. పొద్దు వాలేలోపు పదమూడు మందీ అయిపోయారు.

మిగిలింది ఆమె ఒక్కతే. ఇంటికి తాళం వేసుంది. పక్కింటామె చెప్పింది, ముఠాతో మినుము పీకడానికి బాపట్ల అవతలికి పోయిందని, మంగళవారం దాకా రాదని. ముఠా మేస్త్రి నంబరు అడిగి చేశాను. స్విచాఫ్. మళ్ళీ మళ్ళీ చేశాను. ఆమెకి ఓటు సంగతి తెలుసా అంటే, తెలుసు, వెళ్ళేముందు కూడా అదే మాట్లాడింది అంది పక్కింటామె. ఒకవేళ వస్తే తెరవమని ఆమె లింకు అయ్యగారి భార్య ఫోనుకి పంపి, సాయంత్రం బండికి తెనాలి వచ్చేశాను.

ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి ఫ్యాను కింద కూర్చున్నాను. ఆమె పేరుతో మూడోసారి మెసేజ్ వచ్చింది, మీ ఓటు ఇంకా నమోదు కాలేదు, గడువు ఐదు గంటలకి ముగుస్తుంది అని. మేస్త్రి ఫోను అప్పటికీ పలకలేదు. మూడయింది. ముప్పై ఏళ్ళు నోరు మూయించిన మనిషికి మొదటి ఓటు వచ్చింది, అది గాలికి పోతోంది అనుకున్నాను. ఆమె ఎవరికి వేస్తుందో నాకు తెలియదా అనుకున్నాను. తన పేరు నలుగురిలో చదివిన మనిషికి వేస్తుందా?

లింకు నొక్కాను. ఆరంకెలు వచ్చాయి, కొట్టాను. రెండు ఫొటోలు వచ్చాయి. నర్సమ్మ ఫొటో మీద నొక్కాను. ఖాయం చేయమంటారా అని అడిగింది. చేయమన్నాను. ధన్యవాదాలు, మీ ఓటు నమోదైంది అని వచ్చింది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది గానీ దాచను, ఆ క్షణం నాకు చాలా తృప్తిగా అనిపించింది. ఆమెకి జరిగిన అన్యాయాన్ని నేనే ఏదో సరిదిద్దినట్టు అనిపించింది. లేచి టీ పెట్టుకుని తాగాను.

నాలుగు గంటలకి పల్లె నుంచి ఫోను. అయ్యగారి భార్య.

"టీచరుగారండీ, ఆమె వచ్చేసిందండి" అన్నారు అమ్మగారు సంతోషంగా. "మేస్త్రిని బతిమాలుకుని పని మధ్యలో వచ్చిందంట. బాపట్లలో బస్సెక్కి, చెరుకుపల్లిలో మారి, రేపల్లె నుంచి ఆటోలో వచ్చింది. ఇంటికెళ్ళి తలస్నానం చేసి, తెల్ల చీర కట్టుకుని వచ్చి వరండాలో కూర్చుంది. నా ఫోన్లో తెరుస్తున్నానండి. మీకు నంబరొస్తుంది, చెప్పండి."

నా నోట వచ్చిన మొదటి మాట అబద్ధం.

"ఇక్కడ సిగ్నల్ లేదండీ అమ్మగారూ. మెసేజ్‌లు రావట్లేదు" అన్నాను. ముప్పై నాలుగేళ్ళు అబద్ధమాడిన పిల్లల్ని బెంచీ ఎక్కించినదాన్ని.

"ఉండండి, నొక్కి చూస్తాను" అన్నారావిడ. కాసేపటికి గొంతు తగ్గించి, "టీచరుగారండీ, ఆమె ఓటు పడిపోయిందని వస్తోందేంటండి? మూడుంబావుకి పడిందంట" అన్నారు.

ఫోను ఆమెకి ఇవ్వమన్నాను.

"వదినా, నేనే వేశాను" అన్నాను.

"నువ్వా?"

"నువ్వు రావనుకున్నాను. వృథా అయిపోతుందని..."

"ఎవరికేశావ్?"

"నర్సమ్మకి. నువ్వు ఆమెకే వేస్తావు కదా అని."

అవతల కాకులు అరుస్తున్నాయి. తర్వాత, "సర్లే వదినా. నాకు బస్సుంది, పొద్దున్నే పనిలో ఉండాలి" అని ఫోను అమ్మగారికి ఇచ్చేసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే నేను ఏడ్చి తేలికపడేదాన్నేమో.

ఆ సాయంత్రమే కూర్చుని ఒక కాగితం రాశాను. ఫలానా సభ్యురాలి ఓటు ఆమెని అడగకుండా నేను వేశాను, అది చెల్లదు, దీనికి బాధ్యత నాదే అని. సోమవారం పొద్దున బాపట్ల బండెక్కి ఎన్నికల అధికారిగారి ఇంటికి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"మేడం, ఇది పెట్టె తెరిచి ఒక చీటీ ఏరి తీసినట్టు కాదండి" అన్నారు. "ఎవరి ఓటు ఎటు పడిందో నాకూ తెలీదు, కంప్యూటరు వాళ్ళకీ తెలీదు. అలా తెలియకుండా కట్టుదిట్టం చేశారు. మీరు ఈ కాయితం ఇస్తానంటే తీసుకుంటాను. తీసుకుంటే ఎన్నిక మొత్తం రద్దు చేసి మళ్ళీ పెట్టాలి. అయితే ఓటు పోయినావిడ సంతకం కూడా ఉండాలండి. రేపు ఆదివారం ఫలితం చదువుతాను. ఈలోపు తెండి."

మర్యాదగానే చెప్పారు. గడప దాటాక మళ్ళీ పిలిచి, "ఇలాంటివి నేను ఊహించలేదండి" అన్నారు. ఆ మాట నాకు తగలాల్సినచోటే తగిలింది.

అక్కణ్ణుంచి ఆటో మాట్లాడుకుని, అడుక్కుంటూ అడుక్కుంటూ ఆ చేను పట్టుకునేసరికి ఎండ ముదిరింది. పాతికమంది ఆడవాళ్ళు తలగుడ్డలు చుట్టుకుని, వరసగా గొంతుకూర్చుని మినుము మొక్కలు పీకి కుప్పలేస్తున్నారు. నన్ను చూసి ఆమె లేచింది. చేతుల మట్టి దులుపుకుంటూ గట్టు మీదకి వచ్చింది. నీళ్ళ సీసా తీసి ముందు నాకు ఇచ్చింది. ఒక గుక్క తాగి తిరిగిచ్చేశాను.

తప్పయిపోయింది వదినా అన్నాను. కాగితం తీసి మొత్తం చదివి వినిపించాను. ఇక్కడ నువ్వు సంతకం పెడితే ఎన్నిక మళ్ళీ పెడతారు, నీ ఓటు నువ్వే వేసుకోవచ్చు అన్నాను.

ఆమె కాగితం తీసుకోలేదు. "మళ్ళీ పెడితే, ఎందుకు పెట్టారని జనం అడగరా?" అంది.

"అడుగుతారు. నా తప్పని చెబుతాను. అందరి ముందు లేచి నిలబడి చెబుతాను."

"నీ సంగతి కాదు. దీని ఓటు టీచరమ్మ నర్సమ్మకేసిందంట, అది ఇష్టంలేక ఇది సంతకం పెట్టిందంట అనుకుంటారు. ఇష్టం లేదంటే మరి ఎవరికి వేద్దామనుకున్నట్టు? ఉన్నది ఇద్దరేగా వదినా."

అప్పటికి అర్థమైంది నాకు. ఆ పెద్దాయనకా అన్నాను. పైకి ఎంత గట్టిగా అన్నానో, దగ్గర్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు తలెత్తి చూశారు.

ఆమె వాళ్ళు తల దించుకునేదాకా ఆగింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"ముప్పై ఏళ్ళు ఆయన గుమ్మం ముందునుంచి నడవలేదు నేను. వెనక సందులోంచి పోయేదాన్ని. సంస్కారం తిరిగిచ్చారు, సంతోషమే. కానీ బల్ల దగ్గర మోకరిస్తే ఒక్కోసారి ఆయన నా పక్కనే ఉంటాడు. నోట్లో రొట్టె పెట్టుకుని కడుపులో ఆయన్ని తిట్టుకుంటా ఉంటే అదేం సంస్కారం? పోనీ ఆయన దగ్గరికి పోయి, అయ్యా నిన్ను క్షమించానని చెప్పనా? నేనెవర్ని చెప్పడానికి? కూలికి పోయేదాన్ని. ఆయనకీ నామోషీ, నాకూ నామోషీ. ఓటయితే ఎవరికీ తెలీదని నువ్వేగా చెప్పావ్. ఆయనకి వెయ్యాలి, నా చేత్తో నేనే వెయ్యాలి అనుకున్నా. వేస్తే నాలో ఉన్నది పోద్దనిపించింది. ఆయనకి తెలియక్కర్లా. నాకు తెలిస్తే చాలు."

నేను ఏడ్చేశాను. ఆమె ఏడవలేదు. తలగుడ్డ విప్పి మళ్ళీ బిగించి కట్టుకుంది.

"పోనీ ఆయనకి నేను చెబుతాను" అన్నాను. "నువ్వు ఆయనకే వేద్దామని బాపట్ల నుంచి వచ్చావని చెబుతాను. ఎలాగూ నిజమే కదా."

నేను ఏడుస్తున్నప్పుడు కూడా ఆమె మొహంలో కోపం లేదు. ఈ మాటకి వచ్చింది.

"నా ఓటు నువ్వేశావ్. ఈ మాట కూడా నువ్వే చెప్తావా?" అంది. "చెప్తే అది ఓటెలా అవుద్ది వదినా? ఆయనకి నేను మెహర్బానీ చేసినట్టు అవుద్ది. చెప్పకు. నాకు మాటివ్వు."

మాటిచ్చాను. మేస్త్రి కేకేశాడు. ఆమె వరసలోకి వెళ్ళి కూర్చుంది. నేను కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, గట్టు వెంబడి రోడ్డుకి నడిచాను.

ఆదివారం ఫలితం చదివారు. నర్సమ్మ చాలా తేడాతో గెలిచింది. ఒక్క ఓటు అటయినా ఇటయినా తేడా లేదు. వినగానే అమ్మయ్య అనుకున్నాను. ఆ వెంటనే నామీద నాకే అసహ్యం వేసింది. వదిన పోగొట్టుకున్నది గెలుపోటముల్లో ఎక్కడుంది? నర్సమ్మ సంఘం పనులు బాగానే చేస్తోంది, ఆమె తప్పేమీ లేదు. మరుసటి నెలే నేను రిజిస్టరు తెప్పించుకుని ఆ పద్నాలుగు గళ్ళలోంచి నా నంబరు కొట్టేశాను. చావు కబుర్లకి అమ్మగారి నంబరు వేరే కాగితం మీద రాసి గుడి తలుపుకి అంటించాం. ఫోను లేనివాళ్ళకి ఇకనుంచి చీటీయే ఇవ్వాలని కమిటీకి రాసిచ్చాను. కారణం అడిగారు. నా వయసుకి ఈ బాధ్యత మోయలేనన్నాను.

ఆ తర్వాత మూడు నెలలకి తెనాలి స్టేషన్లో పెద్దాయన కనిపించారు. కంటి ఆపరేషన్ చేయించుకుని నల్ల కళ్ళజోడుతో బెంచీ మీద కూర్చుని ఉన్నారు. వెంట వచ్చిన కూతురు టికెట్లకి వెళ్ళింది. నేను రేపల్లె బండి కోసమే వచ్చాను. తప్పించుకుపోదామని చూశాను గానీ అడ్డొచ్చిన కూలీని తప్పుకోమన్న నా గొంతు విని గుర్తుపట్టారు.

"కూర్చో అమ్మాయ్" అన్నారు. చిన్నప్పటి నుంచీ నన్ను అలాగే పిలుస్తారు.

"ఎలా ఉంది బాబాయిగారూ, కన్ను?"

"కన్ను బాగానే ఉంది." కళ్ళజోడు సర్దుకుని, "ఫోను లేనివాళ్ళ ఓట్లు నువ్వు దగ్గరుండి వేయించావంటగా?" అన్నారు.

అవునండి అన్నాను.

"ఒకటి అడుగుతాను. ఆమె నాకేసిందా?"

ఏ ఆమె అని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. ఆయనే మళ్ళీ మాట్లాడారు. "ఆ రోజు ఆ పేరు చదివింది నేను. కమిటీ తీర్మానమే గానీ, నోరు నాది. చదవకుండా ఉండాల్సింది. ఆ ముక్క ఆమెతో చెబుదామని మూడునాలుగుసార్లు వాళ్ళ సందు మొదటి దాకా వెళ్ళాను. కాళ్ళు సాగక తిరిగొచ్చేశాను. ఓడిపోయినందుకు కాదు అమ్మాయ్ నేనడిగేది. ఆ ఒక్క ఓటు నాకు పడి ఉంటే, వెళ్ళొచ్చని ధైర్యం చేసుకుందునని."

నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె రెండు బస్సులు మారి, తెల్ల చీర కట్టుకుని వచ్చింది మీకోసమే బాబాయిగారూ అని చెప్పేద్దామనుకున్నాను. గట్టు మీద ఆమె అడిగిన మాట గుర్తొచ్చింది, ఇది కూడా నువ్వే చెప్తావా అని. అప్పటికి ఒకసారి ఆమె మనసు నాకు తెలుసని చేసిన పని చాలు.

"అది నేను చెప్పకూడదు బాబాయిగారూ. ఎవరి ఓటూ చెప్పకూడదు" అన్నాను. "కానీ మీరు వెళ్ళండి. ఒక్కసారి వెళ్ళిరండి. ఆమె ఏమీ అనదు."

ఆయన నవ్వారు. "వేసుంటే చెప్పేదానివిలే" అన్నారు.

కాదని నేను అనలేకపోయాను. కూతురు టికెట్లు తెచ్చింది. బండి వచ్చింది. ఆయన్ని పట్టుకుని ఎక్కించాం. రేపల్లె దాకా ఆయన ఎదురు సీట్లోనే కూర్చున్నాను. జంపని దాటాక నిద్రపోయారు.

ఆయన వెళ్ళలేదు. వానాకాలం రాకముందే పోయారు. సమాధుల తోటలో ఆడవాళ్ళంతా వెనక నిలబడితే ఆమె ముందుకొచ్చి, అందరిలాగే పిడికెడు మన్ను వేసి, వచ్చి నా పక్కన నిలబడింది. లోపలున్నది పోయిందా అని నేను అడగలేదు. తిరిగి వస్తుంటే తనే అంది, "ఎందుకట్టా చిక్కిపోయావ్ వదినా? ఇంక ఆయనే లేడుగా. కాయితాల మీద రాసుకుంటావుగా అన్నీ, ఇదీ రాసేసుకో. పేర్లు మాత్రం ఎత్తకు."

అందుకే రాశాను. కానీ స్టేషన్లో ఆయన అడిగిన మాట నేనింకా ఆమెకి చెప్పలేదు. తన సందు మొదటి దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయిన మనిషి సంగతి ఆమెకి తెలియదు. ఆమె అక్షరాలు కూడబలుక్కుంటుందే గానీ ఇంత పొడుగు చదవలేదు. ఇంకొకళ్ళ చేత చదివించుకునేదాకా నేను ఆగకూడదు. వచ్చే ఆదివారం వెళ్ళి ఆమె అరుగు మీద కూర్చుని నేనే చదవాలి, ఒక్క వాక్యం కూడా దాటేయకుండా చదవాలి.